వీపు మీది ఊరు

కొత్త కోడలు కత్తిరించిన మొట్టమొదటి అక్షరం తిరగబడింది.

అట్ట అచ్చును గుడ్డ మీద ఆనించి, చుట్టూ సుద్దతో గీసి, నాలుక కొస పళ్ళ మధ్య బిగబట్టి, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా కత్తిరించింది. తీరా ఎత్తి చూసుకుంటే అద్దంలో కనబడే అక్షరంలా ఉంది. పోనీ తిప్పి వాడుకుందామంటే అది మీగడ రంగు ఉన్ని గుడ్డ. ఒకవైపు మెత్తటి నూగు, రెండోవైపు గోనెసంచిలా బరక.

అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"బాగానే ఉంది. గోల్‌కీపరుకు కుట్టిద్దాం. వెనక్కి వెనక్కి నడిచేటప్పుడు జనం చదువుకుంటారు."

మూల బల్ల మీద జెర్సీలు ఇస్త్రీ చేస్తున్న మొగుడు కిసుక్కున నవ్వాడు. కొత్త కోడలు ఆ తప్పు అక్షరాన్ని అతని మీదికి విసిరింది. అది గాల్లో గింగిరాలు తిరిగి ఇస్త్రీ పెట్టె మీద వాలింది. వేడి ఉన్ని వాసన గది నిండా కమ్ముకుంది. ఆమెకు ఈ ఇంట్లో ఆ వాసనంటే భలే ఇష్టం. పెళ్ళయిన కొత్తల్లో మనిషికి ఏవేవో నచ్చుతాయి. ఆమెకు మొగుడి చొక్కాకు ఎప్పుడూ అంటుకుని ఉండే దారప్పోగులు నచ్చాయి. కిటికీ దగ్గర అత్తగారి మొండి కత్తెర చేసే కరకర శబ్దం నచ్చింది. సూది గుచ్చుకోకుండా తొడిగితే తన వేలికి వదులై, మాటిమాటికీ జారి మంచం కిందికి దొర్లిపోయే ఇత్తడి వేలిటోపీ కూడా నచ్చింది.

మొగుడిది క్లబ్బులో ఉద్యోగం. ఆటగాళ్ళ బట్టలూ బూట్లూ మంచినీళ్ళూ అన్నీ అతని పూచీ. అత్తగారిది ఉద్యోగం కాదు, అంతకంటే పెద్దది. క్లబ్బు జెర్సీల మీద అక్షరాలు కుట్టేది ఆవిడే. అంతకుముందు ఆవిడ అత్తగారు, ఆ అత్తగారికి ముందు ఆమె అత్తగారు.

మిగతా క్లబ్బుల్లో ఆటగాడి వీపు మీద ఆటగాడి పేరుంటుంది. ఈ క్లబ్బులో అలా కాదు, అతని ఊరి పేరుంటుంది. ఏటికి ఇవతలి గట్టున ఉన్న ఊళ్ళన్నీ కలిసి పెట్టుకున్న క్లబ్బు ఇది. మొదటి మ్యాచ్‌కి రేవు నుంచి పడవల మీద, గనుల నుంచి లారీల మీద, మిల్లుపేట నుంచి కాలినడకన జనం వచ్చారట. అందరిదీ ఒకే ఇటుక రంగు చొక్కా అయ్యేసరికి ఏ ఊరివాడు ఎవడో తెలియక కొట్టుకునేదాకా వచ్చిందట. అప్పుడు ఈ ఇంటి ఇల్లాలు ఒకావిడ ఆట సగంలో సూదీ దారం తెచ్చి వీపుల మీద ఊళ్ళ పేర్లు కుట్టిందని చెప్పుకుంటారు. అప్పటి నుంచీ గోలు వేసేది మనిషి కాదు, ఊరు. బంతి పోగొట్టుకునేదీ ఊరే. కొత్త కోడలు మొదటిసారి మైదానానికి వెళ్ళిన రోజున పక్కనున్న పెద్దాయన లేచి నిలబడి, "ఏమోయ్ రేవూ! బంతిని పట్టుకోవయ్యా అంటే వల వేసుక్కూచున్నావా!" అని అరిచాడు. ఆమె నవ్వలేక పొట్ట పట్టుకుంది. రేవు నుంచి వచ్చినవాళ్ళందరూ ఆ తిట్టును తలా కాస్తా పంచుకుని తలలు దించుకున్నారు.

బయటి ప్రాంతం నుంచి వచ్చి ఆడేవాళ్ళది మాత్రం బోసివీపు. అంకె ఉంటుంది, పైన పేరుండదు. అది పద్ధతి.

తప్పు అక్షరం పక్కన పెట్టి రెండోది గీసుకుంటూ ఉండగా గుమ్మంలో క్లబ్బు సెక్రటరీ ప్రత్యక్షమయ్యాడు. మడిచిన జెర్సీ ఒకటి రెండు చేతుల మీదా పళ్ళెంలా పట్టుకున్నాడు.

"వదినా, టీ పెట్టించు. మంచి వార్త తెచ్చాను."

"మంచి వార్తయితే నువ్వే పెట్టు. స్టవ్వు ఎక్కడుందో తెలుసుగా," అంది అత్తగారు.

ఆయన నిజంగానే వంటింట్లోకి వెళ్ళబోతే కొత్త కోడలు ఆపి తనే వెళ్ళింది. లోపల నుంచే అంతా విన్నది. వచ్చే ఆదివారం క్లబ్బు నూరేళ్ళ పండుగ మ్యాచ్. ఆడేది అవతలి గట్టు క్లబ్బుతో. కమిటీ అంతా కూర్చుని, నానా గొడవా పడి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చారట. ఎన్నో సీజన్లుగా అందరికంటే ఎక్కువ గోలులు వేస్తున్న బోసివీపుకు ఊరివ్వాలని!

"ఏ ఊరు?" అంది అత్తగారు.

"మిల్లుపేట."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. మిల్లు మూతబడ్డాక అక్కడి పిల్లలు తలో దిక్కూ పోయారు. మిల్లుపేట పేరు వీపు మీద వేసుకునేవాడు లేక ఏళ్ళు గడిచాయి. మైదానంలో మిల్లుపేట జనానికి కేటాయించిన మిల్లు స్టాండులో మాత్రం ముసలివాళ్ళు ఇప్పటికీ వచ్చి కూర్చుంటారు. వాళ్ళు తిట్టడానికీ పొగడ్డానికీ మైదానంలో ఎవరూ ఉండరు.

"ఖాళీగా పడున్న పేరు వదినా. వాడికీ ఒక ఊరు దొరుకుతుంది, మావాళ్ళకీ ఒక మనిషి దొరుకుతాడు. మా నాన్న వేసుకున్న పేరు. మళ్ళీ ఒక వీపు మీద చూస్తాననుకోలేదు," అన్నాడు సెక్రటరీ. టీ కప్పు అందుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొత్త కోడలికి ఆయన మీద జాలీ ప్రేమా ఒకేసారి వచ్చాయి. "ఎంత బాగుందండీ!" అంది. అత్తగారు జెర్సీని విప్పి, వీపు వైపు తిప్పి, అరచేత్తో సాపు చేసింది.

"ఈ పేరు నువ్వు కుట్టు అమ్మాయ్."

"నేనా?"

"తిరగేసి కుట్టకు, అంతే."

ఆ పూట ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. తను కుట్టబోయే మొదటి పేరు! అదీ నూరేళ్ళ మ్యాచ్‌లో! మొగుడు ఇస్త్రీ చేసిన మేజోళ్ళు మడతపెడుతూ, "మేడమ్, మాలాంటి వాళ్ళను గుర్తుంచుకోండి," అన్నాడు. ఆమె అతని నెత్తిన ఒక మేజోడు తొడిగింది.

మర్నాడు పొద్దున్న కొలతలకని బోసివీపు వచ్చాడు. గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చి, స్టూలు అంచున కూర్చున్నాడు. ఇంత పెద్ద మనిషి అంత చిన్న స్టూలు మీద చోటు మిగిల్చి కూర్చోవడం ఆమెకు వింతగా తోచింది. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. లేచేటప్పుడు దాని మీద చెయ్యి ఆనించి లేస్తున్నాడు. అత్తగారు బజారుకి వెళ్ళింది. మొగుడు పెరట్లో బూట్లు కడుగుతున్నాడు.

ఆమె టేపు ఒక భుజం నుంచి రెండో భుజానికి పట్టి, సుద్దతో గుర్తు పెట్టి, నోరు ఊరుకోక మాట్లాడుతూనే ఉంది. మిల్లు స్టాండు ముసలివాళ్ళు ఎంత సంబరపడుతున్నారో చెప్పింది. సెక్రటరీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పింది. తను కూడా అవతలి గట్టు నుంచి వచ్చిందనీ, వచ్చీ రాగానే వీధిలో అందరూ 'ఇంక నువ్వు మా గట్టు పిల్లవే' అన్నారనీ చెప్పింది.

"నాకంటే మీకే ఆలస్యమైంది అన్నయ్యా. సంతోషమేనా?"

"వాళ్ళు ప్రేమగా ఇస్తున్నారు చెల్లెమ్మా. కాదనకూడదు."

సంతోషంగా ఉన్నవాడు అలా అనడు. ఆమె టేపు చుట్టడం ఆపింది.

"కానీ?"

అతను కిటికీ లోంచి వీధిలోకి చూశాడు.

"నాకూ ఓ ఊరుంది."

"ఏ ఊరు?"

అతను గభాలున ఆమె వైపు తిరిగాడు. ఏదో అడగరానిది అడిగానేమోనని ఆమె కంగారు పడింది. కానీ అతని ముఖంలో ఉన్నది కోపం కాదు.

"ఇక్కడికొచ్చాక ఈ మాట ఎవరూ అడగలేదు. ఎక్కడివాడివి అంటారు. బయటి నుంచి అంటే సరే అంటారు. అంతే. మా ఊరు జంటబావులు."

"జంటబావులా?"

"రెండు బావులున్నాయి పక్కపక్కనే. ఒకదాంట్లో నీళ్ళు తాగుతాం, ఒకదాంట్లో బట్టలుతుక్కుంటాం. ఆ రెంటి మధ్య జాగాలోనే మా ఆట. బంతి ఎగిరిందంటే ఏదో ఒక బావిలో పడేది. దిగి తెచ్చుకోవాలి, పైన మా అమ్మ తిట్లు! అందుకే నాకు నేల విడవకుండా కొట్టడం అలవాటైంది." అతను నవ్వాడు. "ఇక్కడ పేపర్లలో రాస్తారు, అదంతా కోచ్ నేర్పాడని."

ఆమెకూ నవ్వొచ్చింది. అతను మళ్ళీ మోకాలు నిమురుకున్నాడు.

"ఈ సీజనుతో సరి. ఇంక ఆడనివ్వదిది. మా అమ్మ టీవీలో చూస్తుంది. ఆవిడకు చదువు రాదు. మా ఊరి పేరొక్కటి మాత్రం గుర్తుపడుతుంది. బస్సు మీద రాసుంటుంది కదా. అది చూసే ఎక్కుతుంది." లేచి నిలబడ్డాడు. "ఇదంతా ఎవరితో అనకండి. సెక్రటరీ గారు ఎంత ఆశపడ్డారో నాకూ తెలుసు. మిల్లుపేటే కుట్టండి."

మళ్ళీ గుమ్మం దగ్గర తల వంచి వెళ్ళిపోయాడు.

మిల్లుపేట అక్షరాలు ఆమె ఆ మధ్యాహ్నమే కత్తిరించింది. ఈసారి ఒక్కటీ తిరగబడలేదు. జెర్సీ వీపు మీద వరసగా పరిచి, గుండుసూదులు గుచ్చి, సూదిలో దారం ఎక్కించి, అలాగే కూర్చుంది. దారం కొసన ముడి వేసింది, విప్పింది. బస్సు రావడం దూరం నుంచి చూసి చెయ్యెత్తే ఒక ముసలావిడ కళ్ళ ముందు కనబడుతోంది.

సాయంత్రం మొగుడు మైదానంలో ఆరేసిన తువ్వాళ్ళు తీసుకురావడానికి వెళుతుంటే వెంట వెళ్ళింది. అత్తగారి ఎదుట 'మీరు' అనే మనిషిని ఇక్కడ, తాళ్ళ నిండా తెల్లటి తువ్వాళ్ళ మధ్య, 'నువ్వు' అనవచ్చు. ఆ సంతోషం కూడా ఇవాళ పూర్తిగా అనుభవించలేకపోయింది. అంతా చెప్పింది.

"అయ్యో," అన్నాడు అతను. "అయినా మనమేం చేస్తాం?"

"జంటబావులు కుడదాం."

"నీకేమైనా మతిపోయిందా? ఈ గట్టుది కాని ఊరు పేరు ఇంతవరకూ మన ఇంట్లోంచి వెళ్ళలేదు. అమ్మ చచ్చినా ఒప్పుకోదు. సెక్రటరీ బాబాయి నన్ను బూట్లతో సహా బయటికి గెంటుతాడు. పైగా ఆ ముసలాళ్ళు! కండువాలు కూడా ఉతికించుకుంటున్నారు ఆదివారం కోసం."

"నన్ను మీ గట్టు పిల్ల అన్నారు కదా అందరూ. ఎవరైనా నా ఊరు అడిగారా?"

"అవతలి గట్టని అందరికీ తెలుసుగా."

"అవతలి గట్టు ఊరు పేరా? అక్కడేం ఊళ్ళు లేవా?"

అతను తువ్వాలు ఒకటి తీసి, మడిచి, మళ్ళీ విప్పాడు. "నీకు మా ఊరు నచ్చలేదా?" అన్నాడు చిన్నబోయి.

"నువ్వు నచ్చావు. ఊరు సంగతి ఇప్పుడే ఆలోచిస్తున్నాను," అంది. అతని ముఖం చూసి ఉండబట్టలేక తువ్వాలు చాటున బుగ్గ గిల్లింది. కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం పొద్దున్న అత్తగారి ముందు నిలబడింది. ఈ ఇంట్లోకి వచ్చాక ఆవిడకు ఎదురు చెప్పవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

"కత్తిరించావా?" అంది అత్తగారు, చేతిలో కుట్టు ఆపకుండానే.

"ఆ."

"కుట్టావా?"

"లేదత్తయ్యా. చేతులు రావడం లేదు."

బావులూ, బస్సూ, మోకాలూ అన్నీ చెప్పింది. అత్తగారు విన్నదో లేదో తెలియలేదు. రేవు అనే పేరుకు చివరి కుట్టు వేసి, దారం పళ్ళతో తెంపింది.

"ఈ ఇంటి నుంచి బయటి ఊరు పేరు వెళ్ళలేదు. తెలుసుగా?"

"తెలుసు."

"నేను వద్దంటే?"

"మీ మాట కాదని జంటబావులు కుట్టను. కానీ మిల్లుపేట నేను కుట్టలేను. అది మీరే కుట్టాలి."

మొదటి పేరు చేతిలోంచి పోయింది. బహుశా దానితోపాటు ఈ కిటికీ దగ్గర చోటు కూడా. అత్తగారు కళ్ళజోడు తీసి పెట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పగలంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో మాట లేదు. మొగుడు ఇద్దరి మధ్యా పిల్లిలా తిరిగాడు. భోజనాల దగ్గర ఉప్పు కావాలని అడగడానికి కూడా భయపడ్డాడు.

పొద్దు వాలాక అత్తగారు అచ్చుల రేకుపెట్టె ముందు వేసుకుని కూర్చుంది. అట్టముక్కలన్నీ ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చింది. మళ్ళీ పెట్టెలో చెయ్యి పెట్టి అడుగు వరకూ తడిమింది.

"మనకు 'జ' లేదు," అంది, ఎవరితోనో అన్నట్టుగా.

కొత్త కోడలు వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"ఈ గట్టున ఆ అక్షరం ఉన్న ఊరే లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. అట్ట తీసుకురా. పెన్సిలు కూడా."

ఆవిడ కొత్త అట్ట మీద 'జ' గీసింది. చెరిపింది. మిగతా అక్షరాల పొట్ట ఎంత గుండ్రంగా ఉందో వేలితో కొలుచుకుని మళ్ళీ గీసింది. దూరంగా పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. వంగిన వీపు అలాగే ఉంచి అడిగింది.

"తాగే బావి ఏది, ఉతికే బావి ఏది? తూర్పుదా పడమటిదా?"

"అడగలేదత్తయ్యా."

"అడగాలిగా. గట్టు మీద కూర్చోవడానికి రాళ్ళున్నాయా?"

"ఏమో."

"ఉంటాయిలే. ఆడవాళ్ళు బిందె ఎక్కడో అక్కడ దింపుకోవాలిగా," అని కత్తెర తీసుకుంది.

శనివారం పొద్దుటి నుంచి కొత్త కోడలు కుట్టింది. ముందు పొడుగు టాకాలు, తర్వాత అంచు చుట్టూ కాజా కుట్టు. వేలిటోపీ జారిపోతుంటే అత్తగారు దాని లోపల గుడ్డపేలిక కుక్కి బిగించి ఇచ్చింది. "దగ్గరగా వెయ్యి. ఇంకా దగ్గరగా. పీకితే జెర్సీ చిరగాలి గానీ అక్షరం ఊడకూడదు," అంది. చివరి ముడి అక్షరం కిందికి ఎలా దాచాలో మూడు నాలుగుసార్లు చేసి చూపించింది. ఆవిడ వేళ్ళు తన వేళ్ళ మీద ఆని కదులుతుంటే ఆమె భుజానికి కళ్ళు తుడుచుకుంది. కంట్లో దుమ్ము పడిందని చెప్పింది. అత్తగారు నమ్మినట్టే ఉంది.

ఆదివారం జెర్సీల పెట్టె తీసుకెళ్ళడానికి సెక్రటరీ తనే వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. పైనున్న జెర్సీ ఎత్తి వీపు వైపు తిప్పాడు. చదివాడు. పెదవులు కదిపి మళ్ళీ చదివాడు.

"ఇదేంటి వదినా? ఎక్కడో పొరపాటు జరిగింది."

"పొరపాటేం లేదు. అతని ఊరు అదే."

ఆయన కొత్త కోడలి వైపు తిరిగాడు. "నువ్వేనామ్మా? అవతలి గట్టు నుంచి వచ్చి..."

"కుట్టమన్నది నేను," అంది అత్తగారు.

ఆయన బల్ల మీది చిన్న కత్తెర తీసుకుని జెర్సీని ఒళ్ళో వేసుకున్నాడు. అక్షరం అంచు గోటితో గిల్లాడు. కత్తెర మొన దూర్చడానికి సందు వెతికాడు. ముడి ఎక్కడుందో లోపల తిప్పి చూశాడు, బయట తిప్పి చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చొక్కా మెడ దగ్గర చెమట పట్టింది. మొగుడు గోడకు ఆనుకుని, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో నిలబడ్డాడు.

"మా వాళ్ళకు నేనేం చెప్పను వదినా? పొద్దున్నుంచీ వచ్చి కూర్చున్నారు. మా నాన్న పేరది..."

"మీ నాన్నకు ఆ పేరు కుట్టింది ఎవరు?"

"మీ అత్తగారు."

"ఆవిడది ఏ ఊరు?"

సెక్రటరీ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ నాది? నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ నా చేతి టీ తాగుతున్నావు. నాది ఏ ఊరో చెప్పు."

"నీది... మిల్లుపేట..."

"అది మీ అన్నయ్యది. నాది కాదు." అత్తగారు గొంతు పెంచలేదు. నేల మీద పడిన దారప్పోగులు ఏరుతూ చెబుతోంది. "ఈ ఇంట్లో కూతుళ్ళు ఎవరూ కుట్టలేదు. వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని పోయారు. కుట్టిందంతా వచ్చినవాళ్ళు. మీ ఊళ్ళ పేర్లన్నీ మేమే కుట్టాం. మా అత్తగారిది ఏ ఊరో నాకూ తెలీదు. ఆవిడ పక్కనే కూర్చుని ఇన్నేళ్ళు కుట్టాను. ఒక్కనాడూ అడగలేదు."

కొత్త కోడలికి చెవులు వేడెక్కాయి. తువ్వాళ్ళ మధ్య నిలబడి మొగుడికి అంత పాఠం చెప్పింది కదా! పొద్దున్న లేచింది మొదలు ఈ మనిషి పక్కనే కూర్చుంటోంది. తనూ అడగలేదు.

సెక్రటరీ కత్తెర కింద పెట్టాడు. జెర్సీని మడిచాడు, మడత సరిగా రాకపోతే విప్పి మళ్ళీ మడిచాడు.

"మిల్లుపేటవాడు ఆడేరోజున మిల్లుపేట కుడతాను," అంది అత్తగారు. "నేను లేకపోతే ఇదిగో, ఇది కుడుతుంది."

"అంతవరకూ వాళ్ళుండొద్దూ!" అన్నాడాయన. పెట్టె మొగుడి చేతికిచ్చాడు. "నేనివాళ కమిటీ పెద్దల గదిలో కూర్చోను. మిల్లు స్టాండులోనే కూర్చుంటాను. ఈ మాట మా వాళ్ళకు నేనే చెప్పుకోవాలి." టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మైదానానికి నడిచి వెళ్ళే దారిలో, జనం తోపులాటలో, కొత్త కోడలు అత్తగారి మోచెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, మీది ఏ ఊరు?"

"ఇప్పుడా? ఈ గోలలోనా?" అని విసుక్కుంది ఆవిడ. నాలుగడుగులు వేశాక మొదలుపెట్టింది. కొండ కింద ఊరట. ఎండాకాలం కూడా దుప్పటి కప్పుకోవాలట. ఇంటి వెనక రైలు పోతుంటే గిన్నెలు గలగలమనేవట. మైదానం గేటు దాటినా, మెట్లెక్కినా, కూర్చున్నా ఆవిడ చెబుతూనే ఉంది.

మిల్లు స్టాండు అత్తాకోడళ్ళకు కుడివైపునే. ఉతికిన కండువాలతో ముసలివాళ్ళు బిర్రబిగుసుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య సెక్రటరీ చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు. ఆటగాళ్ళు వరసగా వచ్చారు. రేవు, గనులు, సున్నపుబట్టీలు, ఒక్కొక్క వీపుకూ ఒక్కొక్క వైపు నుంచి కేకలు లేచాయి. చివరి వీపు దగ్గర అందరూ మెడలు చాచారు.

"జంట... ఏంటది?"

"జంటబావులట."

"మన వైపు అలాంటి ఊరెక్కడుంది?"

"ఏమో నాయనా."

కేక లేవలేదు. మొదటి సగమంతా అలాగే గడిచింది. అతను మంచి పాసు ఇస్తే పాసు అందుకున్న ఊరికి చప్పట్లు పడ్డాయి. కొత్త కోడలు ఇందాకటి నుంచీ గోళ్ళు కొరుకుతోంది. మొగుడు గీత అవతల నీళ్ళసీసాల పక్కన గొంతుక్కూర్చుని, మాటిమాటికీ ఆమె వైపే చూస్తున్నాడు.

రెండో సగంలో గనులు కుడివైపు నుంచి దూసుకొచ్చి బంతిని మధ్యకు తోశాడు. అవతలి గట్టు గోల్‌కీపరు అప్పటికే నేల మీద పడి ఉన్నాడు. ఎదురుగా ఖాళీ గోలు. అక్కడ ఉన్నది జంటబావులవాడొక్కడే. తగిలిస్తే చాలు. మైదానమంతా కూర్చున్నచోటు నుంచి సగం పైకి లేచింది. అతను కాలు వేశాడు. బంతి కాలి ముందుభాగానికి కాక మడమకు తగిలి, తాపీగా, ఎవరో పిలిచినట్టు, గోలు స్తంభం పక్క నుంచి బయటికి దొర్లిపోయింది.

అంతా నిశ్శబ్దం. అతని విషయంలో ఎప్పుడూ అంతే. నాలుకతో 'చ్' మని, కూర్చుని, వేరే మాటల్లో పడతారు. బయటివాణ్ణి తిట్టేదేముంది? కొత్త కోడలు కళ్ళు మూసుకుంది.

"ఓరి జంటబావులూ!"

ఆ గొంతు విని ఆమె గభాలున కళ్ళు తెరిచింది. సెక్రటరీ బెంచీ మీదికెక్కి నిలబడ్డాడు. తెల్ల చొక్కా నడుము దగ్గర బయటికొచ్చేసింది. పిడికిలి గాల్లో ఆడుతోంది.

"ఇంటి ముందు గుమ్మమంత జాగా ఇస్తే గోడకు కొట్టుకుంటావేంట్రా! రెండు బావులున్నాయి కదా, పోయి ఏదో ఒకదాంట్లో దూకు!"

అనేశాక ఆయనకే ఆశ్చర్యమైనట్టుంది, పిడికిలి అలాగే పైన ఆగిపోయింది. పక్కనున్న ముసలాయన ఒకడు కండువా దులుపుకుంటూ లేచాడు. "దూకినా గురి తప్పుతాడు వీడు! రెంటికీ మధ్యలో పడతాడు!" అన్నాడు. ఆ మాటతో మిల్లు స్టాండంతా ఒక్కసారి నోరు విప్పింది. ఎన్నేళ్ళుగా దాచుకున్న తిట్లో, ఒకరిని మించి ఒకరు, జంటబావుల ఆడవాళ్ళ చేదతాళ్ళ దగ్గర నుంచి ఆ ఊరి దూడల నడక దాకా ఏదీ వదల్లేదు. రేవు వాళ్ళూ అందుకున్నారు. గనుల వాళ్ళూ అందుకున్నారు. అత్తగారు మాత్రం, "ఉతికే బావిలో దూకమనండి, తాగేది పాడవుతుంది!" అని గట్టిగా అని, ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంది. గీత పక్కన మొగుడు నీళ్ళసీసాల మధ్య వెల్లకిలా పడి నవ్వుతున్నాడు.

మైదానం మధ్యలో అతను అలాగే నిలబడిపోయాడు. ముందు తిట్లు ఎవరికోనని రేవు వైపు చూశాడు, గనుల వైపు చూశాడు. తర్వాత అర్థమైంది. నడుము మీద రెండు చేతులూ వేసుకుని, మిల్లు స్టాండు వైపు ముఖం తిప్పి, ఎండకు కళ్ళు చికిలించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, ఒక్కొక్క తిట్టూ పూర్తిగా విన్నాడు. రెఫరీ వచ్చి భుజం తట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు.